కోవెన్ నవలలు మన జిల్లాలకి వస్తే: మంత్రగత్తెల సంఘాలు, చేతబడి నింద, నెల్లూరు ఒంగోలు పాఠకులు

క్లుప్తంగా

ఇంగ్లీషులో ఇప్పుడు జోరుగా అమ్ముడుపోతున్న మంత్రగత్తెల ఫాంటసీ నవలలు ఎక్కువ భాగం ఒక సంఘం చుట్టూ తిరుగుతాయి, దాన్నే కోవెన్ అంటారు. మన కథల్లో మంత్రం చాలావరకు ఒంటరి మాంత్రికుడి చేతిలోనే ఉంటుంది కాబట్టి తెలుగువాళ్ళకి ఈ నవలలు చదివితే ఎక్కడో లెక్క కుదరనట్టు అనిపిస్తుంది. ఇట్టాంటి కథకి కావాల్సిన ఆడవాళ్ళ సంఘాలు నెల్లూరు వైపు ఎప్పటినుంచో ఉన్నాయి, అడ్డం పడుతున్నది చేతబడి నింద ఇంకా సజీవంగా ఉండటం.

గందరగోళం ఎక్కడ వస్తోంది

నెల్లూరులోనో ఒంగోలులోనో కాలేజీ చదివే పిల్లలు ఒకే ఫోన్లో కిండిల్ యాప్ తెరిచి ఇంగ్లీషు ఫాంటసీ చదువుతారు, కాసేపాగి ప్రతిలిపి తెరిచి తెలుగు సీరియల్ చదువుతారు. రెండింట్లోనూ మంత్రగత్తె ఉంటుంది. ఇంగ్లీషు నవలలో ఆవిడ పగలంతా టీ కొట్టో పాత పుస్తకాల షాపో నడుపుకుంటా, అద్దె కట్టలేక అవస్థ పడతా, ఎవరితోనో ప్రేమలో పడతా ఉంటుంది, పౌర్ణమి రాత్రి మాత్రం మిగతా మంత్రగత్తెలతో కూర్చుని ఎవరు ఏ మంత్రం వాడొచ్చు, ఎవరు హద్దు దాటారు అని వాదులాడుకుంటుంది. తెలుగు సీరియల్లో ఆవిడ ఉండేది శ్మశానంలో, చుట్టూ పుర్రెలు, కుంకుమ పూసిన నిమ్మకాయలు, సూదులు గుచ్చిన బొమ్మ, ఆఖరి భాగంలో ఎట్టాగూ చచ్చిపోవాల్సిన మనిషి.

దాంతో మొదటిసారి కోవెన్ నవల పట్టుకున్నవాళ్ళకి ఇది దెయ్యం కథా, ప్రేమ కథా, కుటుంబ కథా అనేది తేలదు, భయం కోసం చదివితే భయం ఉండదు, ఇంట్లో పెద్దవాళ్ళు అట్ట మీద బొమ్మ చూసి క్షుద్రపూజల పుస్తకం అనుకుంటారు. ఈ రెండు అనుమానాలకీ కారణం ఒకటే, ఆ సంఘం ఏంటో, దాని లోపల ఏం జరుగుతుందో ముందుగా తెలియకపోవడం.

కోవెన్ ఎట్టా నడుస్తుంది

నవల నవలకి వివరాలు మారతాయి కానీ లోపలి ఏర్పాటు మాత్రం దాదాపు ఒకటే. సభ్యత్వం రెండు రకాలుగా వస్తుంది, తల్లి నుంచి కూతురికి పుట్టుకతో రావడం ఒకటి, పరీక్ష పెట్టి ప్రమాణం చేయించి చేర్చుకోవడం రెండోది. పైన ఒక పెద్దావిడ ఉంటుంది. తరతరాలుగా చేతులు మారుతూ వచ్చిన ఒక పుస్తకం ఉంటుంది, అందులో మంత్రాలు, మందులు, పాత సభ్యుల రాతలు. బయటివాళ్ళకి చెప్పకూడదు అనేది మొదటి రూలు. మంత్రం ఊరికే రాదు, వాడినదానికి ఏదో ఒకటి తిరిగి ఇచ్చుకోవాలి అనేది రెండో రూలు, అది ఆయుష్షు కావచ్చు, జ్ఞాపకం కావచ్చు, ఒంట్లో సత్తువ కావచ్చు.

కథలో గొడవంతా ఈ రూల్స్ దగ్గరే పుడుతుంది. మామూలు మనిషిని ప్రేమించిన అమ్మాయి అతనికి నిజం చెప్పాలా వద్దా, పెద్దావిడ పోతే ఆ కుర్చీ కూతురికా, బాగా పనిచేసే బయటమ్మాయికా, ఒక సభ్యురాలు చేసిన తప్పుకి మిగతావాళ్ళంతా ఎందుకు మూల్యం కట్టాలి, ఎప్పుడో వెలివేసిన మనిషి తిరిగొచ్చి గుమ్మం ముందు నిలబడితే తలుపు తీయాలా. ఈ ప్రశ్నల్లో మంత్రం తీసేసినా ప్రశ్న అట్టాగే నిలబడుతుంది, ఈ తరహా నవలలకి ఉన్న అసలు బలం అదే. మంత్రం వచ్చి చేసేదల్లా సభ్యుల మధ్య అప్పటికే ఉన్న ప్రేమనీ అసూయనీ కళ్ళకి కనిపించేంత పెద్దది చేయడం, అక్క మీద కోపమొస్తే ఇంట్లో మాట్లాడటం మానేసే చెల్లెలు ఇక్కడ వానని ఆపేస్తుంది.

బెంగళూరులో పెరిగి ఇంగ్లండ్‌లో స్థిరపడిన సంగు మందన్న 2022లో రాసిన నవల దీన్ని తిరగేసి చూపించింది. అందులో హీరోయిన్ ఇండియాలో పుట్టి, అనాథగా ఇంగ్లండ్ చేరిన మంత్రగత్తె, అక్కడ మంత్రగత్తెలు ఒకచోట కలిసి ఉండకూడదని, కలిస్తే జనం కంట్లో పడతారని పెద్దావిడ పెట్టిన రూలు. సంఘం లేకపోతే మంత్రం ఉన్న మనిషి ఎంత ఒంటరిదో ఆ కథ చెబుతుంది, అంటే కోవెన్ లేని కథ కూడా కోవెన్ గురించే అన్నమాట.

ఇది పాత సంప్రదాయమా

చాలామంది పాఠకులు ఈ సంఘాలు యూరప్‌లో వెయ్యేళ్ళనాటివి అనుకుంటారు, నవలలు కూడా అట్టాగే చెబుతాయి. ఇప్పుడు మనం చదివే రూపం మాత్రం ఎక్కువగా 20వ శతాబ్దంలో తయారైంది. మార్గరెట్ మరే అనే ఈజిప్టు చరిత్ర నిపుణురాలు 1921లో ఒక పుస్తకం వేసి, మంత్రగత్తెలని పేరుపడి చంపబడినవాళ్ళంతా క్రైస్తవానికి ముందున్న ఒక మతం మనుషులని, 13 మంది చొప్పున గుంపులుగా ఉండేవాళ్ళని వాదించింది. చరిత్రకారులు తర్వాత ఆ వాదాన్ని కొట్టిపారేశారు, ఆధారాలు నిలబడలేదు. నవలలకి మాత్రం ఆ 13 అనే అంకె, ఆ రహస్య మతం అనే ఊహ బాగా అతుక్కుపోయాయి.

ఇంగ్లండ్‌లో 1735 నాటి చట్టం మంత్రవిద్యని నేరాల లెక్కలోంచి తీసేసి, మంత్రం వచ్చని జనాన్ని మోసం చేయడాన్ని నేరంగా పెట్టింది. ఆ చట్టాన్ని కూడా 1951లో ఎత్తేశారు. మూడేళ్ళకే, 1954లో, జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన తానే ఒక కోవెన్ సభ్యుణ్ణని చెబుతూ పుస్తకం రాశాడు, దాని చుట్టూ విక్కా అనే కొత్త మతం పెరిగింది. 1964లో అమెరికా టీవీలో మంత్రగత్తె ఒక మామూలు ఉద్యోగి ఇంటి ఇల్లాలైంది, 1998లో ముగ్గురు అక్కచెల్లెళ్ళు కలిసి మంత్రాలు వాడే సీరియల్ మొదలైంది. 1997లో వచ్చిన హ్యారీ పోటర్ పిల్లలకి మంత్రాల బడిని అలవాటు చేసింది, ఆ పిల్లలే పెద్దయ్యాక పెద్దవాళ్ళ కోసం రాసిన మంత్రగత్తె నవలలు కొన్నారు, 2020 తర్వాత టిక్‌టాక్‌లో పుస్తకాల వీడియోలు దానికి ఇంకో తోపు తోశాయి.

వెనక్కి వెళ్తే అసలు చరిత్ర దారుణంగా ఉంటుంది. యూరప్‌లో సుమారు 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా మంత్రగత్తెలని నింద పడి చంపబడినవాళ్ళు 40 వేల నుంచి 60 వేల మంది అని చరిత్రకారుల అంచనా, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అమెరికాలో సేలం ఊళ్ళో 1692లో 19 మందిని ఉరితీశారు, ఒకాయన్ని రాళ్ళు పెట్టి నలిపి చంపారు. ఇప్పుడు అదే సేలంలో పోలీసుల బ్యాడ్జీ మీద చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మ ఉంటుంది, అక్టోబర్లో టూరిస్టులతో ఊరు నిండిపోతుంది. స్కాట్లండ్‌లో 2022 మార్చి 8న అప్పటి ఫస్ట్ మినిస్టర్ పాత హత్యలకి క్షమాపణ చెప్పింది. మూడొందల ఏళ్ళ దూరం ఉంది కాబట్టి అక్కడి రచయిత్రులు ఆ నిందని తీసుకుని గర్వంగా నెత్తిన పెట్టుకోగలుగుతున్నారు.

మన మాంత్రికుడు ఒంటరి

బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ఒక్కడే, అతని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, దగ్గరున్న ప్రియురాలు సంగుకి కూడా అతని గుట్టు పూర్తిగా తెలీదు. 1951 నాటి పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడికి శిష్యుడున్నాడు గానీ తోటివాళ్ళు లేరు. 1947లో మొదలైన చందమామ ఏళ్ళ తరబడి వేసిన మాంత్రికుల కథల్లో కూడా ఎక్కువగా ఇదే పద్ధతి, ఒకడు తపస్సు చేసి శక్తి సంపాదిస్తాడు, దురాశతో పోగొట్టుకుంటాడు. 1980ల మొదట్లో యండమూరి తులసిదళంతో మాంత్రికుడు గుహ వదిలి పట్నం ఇళ్ళలోకి వచ్చాడు, చిన్నపిల్ల మీద చేతబడి అనేసరికి వారం వారం పత్రిక కోసం జనం ఎదురుచూశారు, అయినా మంత్రం మాత్రం డబ్బు తీసుకుని చేసిపెట్టే మనిషి దగ్గరే ఉండిపోయింది. 2023లో వచ్చిన విరూపాక్ష సినిమా కూడా ఊరు ఒక జంటని చేతబడి పేరుతో తగలబెట్టడం దగ్గర మొదలై పగ దగ్గరకి పోయింది.

ఈ తేడాకి మూలం మంత్రం ఎట్టా వస్తుంది అనే నమ్మకంలో ఉంది. మన దగ్గర అది ఉపాసన, గురువు చెవిలో చెప్పిన అక్షరాలు, ఒక్కడు ఒక్క దేవతతో కుదుర్చుకున్న లెక్క. ఇంకొకరితో పంచుకుంటే శక్తి తగ్గుతుందని నమ్మకం. అట్టాంటి చోట మీటింగులు, ఓట్లు, తీర్మానాలు పుట్టడం కష్టం.

గుంపుగా మంత్రం చేసే ఆడవాళ్ళు మన సాహిత్యంలో అసలే లేరని మాత్రం అనకూడదు. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో కువలయావళి అనే రాణి, తాను చిన్నప్పుడు కాలరాత్రి అనే ఆవిడ దగ్గర దీక్ష తీసుకుని ఆకాశంలో తిరిగే డాకినుల గుంపులో చేరిన సంగతి మొగుడికి చెబుతుంది. దీక్ష ఉంది, పెద్దావిడ ఉంది, రహస్యం ఉంది, కలిసి ఎగరడం ఉంది. ఒడిశాలో హీరాపూర్ లాంటి చోట్ల పైకప్పు లేని గుండ్రటి గుడిలో యోగినులంతా వలయంగా నిలబడి ఉంటారు. ఈ దారి తెలుగు కథల్లోకి పెద్దగా రాలేదు, వచ్చి ఉంటే ఇవ్వాళ కోవెన్ ఇంత వింతగా అనిపించేది కాదు.

నింద ఇంకా చల్లారలేదు

ఇంగ్లీషు నవలకీ తెలుగు నేలకీ అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడుంది, దీన్ని తేలిగ్గా తీసుకుంటే కథ రాసేవాళ్ళు చాలా తప్పు చేసినవాళ్ళవుతారు. మన దేశంలో మంత్రగత్తె అనే నిందతో ఆడవాళ్ళని కొట్టడం, ఊరేగించడం, చంపడం ఇంకా జరుగుతూనే ఉంది. అందుకే బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో దీనికి విడిగా చట్టాలు తెచ్చాయి, అస్సాం 2015లో పాస్ చేసిన బిల్లు 2018లో చట్టమైంది. జాతీయ నేర గణాంకాల్లో హత్యకి కారణాల కింద మంత్రవిద్య అని ఒక గడి ఉంటుంది. ఆ నింద పడి ఊరు వదలాల్సి వచ్చిన జార్ఖండ్ ఛుట్నీ మహతోకి, అస్సాంలో దీని మీద పోరాడిన బీరుబాల రాభాకి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. తెలుగునాట కూడా మన్యంలో చిల్లంగి పేరుతో, తెలంగాణలో బాణామతి పేరుతో హత్యల వార్తలు వస్తూనే ఉన్నాయి. మంత్రం సరిగ్గా పలకకూడదని మంత్రగాళ్ళ ముందుపళ్ళు ఊడగొట్టే పద్ధతి కూడా మన చరిత్రలోదే.

నింద పడే తీరు ఊరేదైనా పెద్దగా మారదు. బిడ్డకి జ్వరం తగ్గదు, గేదె చచ్చిపోతుంది, పంట పోతుంది, కారణం దొరకదు. భూతవైద్యుడు ఏదో ఒక దిక్కు చూపిస్తాడు. ఆ దిక్కున ఒంటరి ముసలావిడో, కొంచెం పొలం ఉన్న విధవరాలో ఉంటుంది. నిందకీ ఆ పొలానికీ సంబంధం ఉందని తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. నెల్లూరు వైపు ఇది ఎక్కువగా మందు పెట్టారు అనే మాట రూపంలో వినిపిస్తుంది, కొడుకు పెళ్ళాం మాట వింటే కోడలు మందు పెట్టిందంటారు, ముసలాయన ఆస్తి రాసిస్తే చూసుకున్నావిడ మందు పెట్టిందంటారు, ఆ మందు కక్కించేవాళ్ళు విడిగా ఉంటారు. గాలి సోకిందనుకున్న మనిషిని జొన్నవాడ కామాక్షమ్మ గుడికి తీసుకెళ్ళి నిద్ర చేయిస్తారు, అక్కడ కనీసం నింద ఎవరిమీదా పడదు, అమ్మవారు చూసుకుంటుందని వదిలేస్తారు.

కాబట్టి నేను మంత్రగత్తెనే, అయితే ఏంటి అని గర్వంగా చెప్పుకునే హీరోయిన్ని ఉన్నదున్నట్టు కనిగిరి పక్కన పల్లెలో పెడితే అది ధైర్యంగా అనిపించదు, ప్రమాదంగా అనిపిస్తుంది. కథలో ఆ ప్రమాదం కనిపించాలి. జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు 1988 నుంచి ఊళ్ళలో చేతబడి లేదని చేసి చూపిస్తున్నాయి, కథలో మంత్రం నిజమని రాసేవాళ్ళు ఆ పనిని చెడగొట్టకుండా రాయడం సాధ్యమే, ఎవరి మీద నింద పడిందో వాళ్ళ వైపు నిలబడి రాస్తే.

సంఘం మాత్రం నెల్లూరుకి కొత్త కాదు

కోవెన్‌కి కావాల్సిన మిగతా సరంజామా చూస్తే ఈ నేలలో దొరకనిది లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు, రాత్రి బళ్ళలో చదువుకునే ఆడవాళ్ళ వాచకంలో సారా కొట్టు మూయించిన సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. దూబగుంటలో రోశమ్మతో కలిసి ఆడవాళ్ళు నిజంగానే సారా కొట్టు మూయించారు, ఆ కథ మళ్ళీ ఇంకో వాచకంలో పాఠమై ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఒక పుస్తకం, దాన్ని కలిసి చదివిన ఆడవాళ్ళు, రాత్రిపూట సమావేశాలు, ఊళ్ళో మగవాళ్ళ భయం, కోవెన్ నవలలో పుస్తకం చేసే పని ఇంతకన్నా వేరే ఏమీ కాదు, పైగా ఇది జరిగిన కథ.

ఆ తర్వాత రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు ఇక్కడే బలపడ్డాయి. ఒక గ్రూపులో పదిమందో పదిహేను మందో, లీడరు, రెండో లీడరు, తీర్మానాల పుస్తకం, ఒకరు కిస్తీ కట్టకపోతే భారం అందరి మీదా పడటం, కొత్తమనిషిని చేర్చుకోవాలంటే అందరూ ఒప్పుకోవాల్సి రావడం, పాత లీడరు దిగనంటే గొడవ. కోవెన్ రూల్స్ వింతగా ఉన్నాయనుకునే పాఠకురాలి అమ్మ ప్రతి నెలా అట్టాంటి మీటింగుకే వెళ్ళొస్తా ఉంటుంది. ఆ పదమూడు అనే అంకె కూడా డ్వాక్రా గ్రూపు సైజులోనే పడుతుంది.

మూల్యం అనే రూలుకి కూడా ఇక్కడ సాటి ఉంది. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండగలో, కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు ఆ రొట్టె తీసుకుంటారు, తీరాక వాళ్ళు మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె అని విడివిడిగా ఉంటాయి, మతం అడిగేవాళ్ళు ఉండరు. అది భక్తి, దాన్ని మంత్రవిద్య అనడం ఆ వచ్చేవాళ్ళని అవమానించడమే. కానీ తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, ఇచ్చేది ముక్కూమొహం తెలియని మనిషికి ఇవ్వాలి అనే ఏర్పాటు ఏ ఫాంటసీ రచయిత ఊహించినదానికన్నా అందంగా ఉంది, అందులోంచి నేర్చుకోవడానికి చాలా ఉంది.

రక్తంలో మంత్రం అనే చిక్కు

కోవెన్ నవలల్లో ఒక్క భాగాన్ని మాత్రం ఇక్కడికి తేకుండా ఉంటేనే మేలు, అది పుట్టుకతో వచ్చే మంత్రం. అక్కడ అది ఫలానా వంశం గొప్పతనంగా చదువుకుంటారు. ఇక్కడ ఆ ఊహ ఎట్టా వాడారో చరిత్రలో ఉంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాల్లో నేరం పుట్టుకతోనే వస్తుందని రాసిపెట్టింది, 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది, ఎరుకల వాళ్ళని తెచ్చిపెట్టిన కావలి సెటిల్‌మెంట్ దాని ఫలితమే. 1952లో చట్టం పోయినా మచ్చ అంత తొందరగా పోలేదు. సోది చెప్పేది ఎరుకల ఆడవాళ్ళే, పాము మందులు, అడవి వేర్లు తెలిసినవాళ్ళు యానాదులు. మంత్రం ఫలానా వాళ్ళ రక్తంలో ఉంటుందని ఒక తెలుగు నవల రాస్తే, రచయిత ఉద్దేశం ఎంత మంచిదైనా, పాఠకుడి బుర్రలో వెళ్ళి ఆగేది ఈ పేర్ల దగ్గరే. పొదుపు సంఘంలో చేరినట్టు, ఎవరైనా వచ్చి నేర్చుకుని చేరే సంఘంగా రాస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది, పైగా కథకి కూడా లాభం, ఎవరిని చేర్చుకోవాలి అనే వాదన ఒక్కటే సగం నవల నడుపుతుంది.

ఇకముందు

దగ్గర్లో ఎక్కువగా రాబోయేవి అనువాదాలు, అనుకరణలే. యాప్‌లలో సీరియల్ రాసేవాళ్ళకి రోజుకో భాగం, చివర్లో ఒక మలుపు కావాలి, చేతబడి భయం ఆ పనికి సులువుగా పనికొస్తుంది, సంఘం లోపలి వాదనలకి ఓపిక కావాలి కాబట్టి అవి ఆలస్యంగా వస్తాయి. సినిమా కూడా ఇంకొన్నాళ్ళు పగ కథలనే నమ్ముకుంటుంది.

నిజమైన తెలుగు కోవెన్ కథ వస్తే అది భాష దగ్గర ముందు తెలుస్తుంది. కావలికి చెందిన ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలతో నెల్లూరు మాటని కథలో పూర్తిగా నిలబెట్టవచ్చని చూపించి పాతికేళ్ళు దాటింది. పదమూడు మంది ఆడవాళ్ళు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకునే కథకి ఆ మాటే ప్రాణం, ఏంది మే ఇంత ఆలిస్యం అని మొదలై అప్పు లెక్కల మీదుగా మంత్రం దగ్గరకి వచ్చే సంభాషణ. ఆడియో యాప్‌లు పెరిగాక అట్టాంటి రాతకి విని ఆనందించేవాళ్ళు కూడా దొరుకుతున్నారు, చదవడం అలవాటు లేని అమ్మలు, పెద్దమ్మలు వంట చేసుకుంటా సీరియల్స్ వింటున్నారు, సంఘం గొడవలు నిజంగా ఎట్టా ఉంటాయో తెలిసింది వాళ్ళకే.